యొర్దాను అవతలి సహోదరులు

చదువవలసిన వాక్యభాగములు: యెహోషువ 22:9–34, యిర్మీయా 36వ అధ్యాయము.



యెహోషువ గ్రంథములో ఊళ్ల పేళ్లును సరిహద్దులును విస్తారముగా నున్నవి గనుక మనలో అనేకులు ఆ అధ్యాయములను వేగముగా దాటిపోవుదురు. ఈ మాసము మనము ఆ సరిహద్దు యొద్దనే కొంచెము సేపు నిలుచుందము.

రూబేనీయులును గాదీయులును మనష్షే అర్ధగోత్రపువారును తమ సహోదరులతో కూడ యుద్ధము చేసి, పని ముగిసిన పిమ్మట యొర్దానుకు తూర్పున తమకు వచ్చిన స్వాస్థ్యమునకు బయలుదేరిరి. దారిలో నది యొద్ద చూపునకు గొప్పదైన యొక బలిపీఠమును కట్టిరి. పడమటి వారు ఈ సంగతి విని, వీరు దేవుని విడిచి తమకు వేరొక పూజాస్థలము చేసికొనిరని తలంచి, షిలోహులో యుద్ధమునకు కూడిరి. అయితే కత్తి దూయక ముందు వారొక మంచి పని చేసిరి. యాజకుడైన ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను నది దాటించి, సంగతి యేమో అడుగుటకు పంపిరి. అడిగినప్పుడు తేలినదేమనగా, అవతలివారిని ఆ పనికి పురికొల్పినది గర్వము కాదు, భయము. నేడు మనమందరము ఒక్కటే. కాని రేపు మీ పిల్లలు మా పిల్లలను చూచి, నదికి అవతలి వారికి దేవునియందు పాలు లేదని త్రోసివేయుదురేమో యని వారు భయపడిరి. 24, 25 వచనములను నెమ్మదిగా చదువుడి. ఆ బలిపీఠము బలులకు కాదు, సాక్ష్యమునకు. అందుకే దానికి ‘ఏద’ అని పేరు పెట్టిరి.

ఈ భయము పుస్తకములోనిది మాత్రమే కాదు. నా చిన్నతనమున మా పాస్టరేటు రెండుగా విభజింపబడెను. విభజన న్యాయమే. ఒక్క గురువుగారు సైకిలు మీద అన్ని పల్లెలు తిరుగలేకపోయిరి. కొన్ని పల్లెలలో ప్రభురాత్రి భోజనము జరిగి ఆరేడు నెలలయ్యెడిది. కాని గీత గీసినప్పుడు బడియు, మాగాణి చెక్కయు, గురువుగారి ఇల్లును ఒకే వైపున పడినవి. కూలి చేసికొని బ్రదుకువారి పల్లెలన్నియు రెండవ వైపున పడినవి. ఆనాటి కూటములో మా అవ్వ లేచి, “అయితే కోత పండుగకు ఇక మేమెక్కడికి రావాలయ్యా?” అని అడిగినది. పెద్దలెవ్వరును జవాబు చెప్పలేదు. లెక్కల పుస్తకము మూసి ప్రార్థన చేసిరి.

ఆ ప్రశ్నయే బహు దూర దేశములో, మనకంటె ఎన్నో రెట్లు పెద్దదైన యొక సంఘములో వినబడినది. నేటి పాఠమునకు దానినే దృష్టాంతముగా తీసికొందము. ఆ సంఘము రోమను కతోలిక సంఘము. వారితో మనకు సిద్ధాంతములయందు భేదములు కలవు. వాటిని నేను దాచను. అయితే గాయపడినవానికి కట్టు కట్టినవాడు సమరయుడని ప్రభువు చెప్పినప్పుడు అతని సిద్ధాంతమును ముందు పరీక్షింపలేదు.

దక్షిణ అమెరికాలో బ్రెజిలు అను పెద్ద దేశము కలదు. అక్కడి ప్రజలు పోర్చుగీసు భాష మాటలాడుదురు. ఆ దేశమందలి మహానగరము పేరు సావో పౌలో, అనగా పరిశుద్ధ పౌలు. 1554 జనవరి 25న, పౌలు మారుమనస్సు పండుగ నాడు, జెస్విటు ఫాదరులు ఆ స్థలమున పని ప్రారంభించిరి గనుక ఆ పేరు వచ్చినది. గడచిన శతాబ్దమున అక్కడ కార్ఖానాలు విస్తరించెను. ఈశాన్య ప్రాంతమున కరవులచేత నలిగిన కుటుంబములు మూటలు కట్టుకొని లక్షలకొలది ఆ నగరమునకు చేరినవి. నగర మధ్యమున ధనవంతుల మేడలు. అంచులలో కొళాయి లేని, మురుగు కాలువ లేని గుడిసెల వాడలు. పనికి పోవుటకు తెల్లవారక ముందే లేచి రెండు మూడు బస్సులు మారవలెను. ఈ నగరమంతయు ఒకే ఆర్చిబిషప్పు క్రింద ఒకే అధ్యక్ష ఖండముగా నుండెను. అందలి జనులు కోటికి మించిరి.

1970లో ఆ పీఠమునకు పౌలో ఎవరిస్తో ఆర్న్స్ అను ఫ్రాన్సిస్కను సన్యాసి ఆర్చిబిషప్పుగా నియమింపబడెను. ఆయన 1921లో ఒక పల్లెటూరి వలస కుటుంబమున పుట్టినవాడు. పారిసు నగరమున చదివి, జెరోము కాలమున పుస్తకములు ఎట్లు వ్రాయబడెను, ఎట్లు నకలు చేయబడెను అను విషయముపై గ్రంథము వ్రాసెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడి. ముందు దీనితో మనకు పనియున్నది.

ఆయన ప్రారంభమున చేసిన పనులలో ఒకటి లోకమంతట తెలిసినది. ఆర్చిబిషప్పు నివసించుటకు పెద్ద తోటతో కూడిన యొక భవనముండెను. 1973లో ఆయన దానిని అమ్మివేసి, తాను ఒక సామాన్యమైన ఇంటికి మారెను. ఆ సొమ్ముతో నగరపు అంచులలో స్థలములు కొని, పేదల కూటములకు చిన్న మందిరములను, కేంద్రములను కట్టించెను. యూదాకు అధికారిగా నున్న నెహెమ్యా తనకు రావలసిన భత్యమును పుచ్చుకొనక, జనుల మీద భారము ఎక్కువగా నున్నదని మానివేసిన సంగతి నెహెమ్యా 5:14–18లో చదువుదుము. బిషప్పుకు అంత పెద్ద ఇల్లెందుకని రచ్చబండ మీద అడుగుట సులువు. దానిలో కాపురముండి దానిని అమ్ముట కష్టము.

ఇల్లు అమ్ముట కంటె ఎక్కువ పని, ఏర్పాటును మార్చుట. ఆర్న్స్ గారు ఆ పెద్ద అధ్యక్ష ఖండమును ప్రాంతములుగా పంచి, ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క సహాయ బిషప్పును బాధ్యుని చేసెను. ఆయన ఒంటరిగా ఆజ్ఞలిచ్చుట మాని, వారితో కూర్చుండి నిర్ణయములు చేయుచుండెను. మధ్యనున్న ధనిక సంఘములు తమ కానుకలలో భాగమును, తమ ఫాదరులను, సిస్టర్లను అంచులలోని వాడలకు పంపవలెనని ఏర్పాటు చేసిరి. ఆ వాడలలో చిన్న చిన్న కూటములు లేచెను. ఇరుగు పొరుగు కుటుంబములు సాయంకాలమున ఒక ఇంట కూడి, బైబిలు తెరచి బిగ్గరగా చదివి, ఆ మాట తమ వాడకు ఏమి చెప్పుచున్నదని మాటలాడుకొనెడివారు. మోషే కథ చదివినవారు మంచినీటి కొళాయిని గురించి అర్జీ వ్రాసిరి. బైబిలు చేతబట్టుకొను జనులము మనమే అనుకొను అలవాటు మనకు కలదు. అక్షరము రాని కూలి స్త్రీలు పక్కవారు చదువగా విని, తమ వీధిని గురించి దేవుని అడిగిన ఆ కూటములను తలంచినప్పుడు నాకు కొంచెము సిగ్గు కలిగినది.

ఇంతలో దేశముమీద మరియొక నీడ యుండెను. 1964 మొదలుకొని 1985 వరకు బ్రెజిలును సైన్యము పరిపాలించెను. ఎదిరించినవారు చెరసాలకు పోయిరి. అనేకులు చిత్రహింసలు పొందిరి. కొందరు తిరిగి రాలేదు. 1971లో తన సంఘపు పనివారిద్దరు, ఒక ఫాదరును ఒక సేవకురాలును, పట్టబడి హింసింపబడినప్పుడు ఆర్న్స్ గారు తానే వెళ్లి చూచి, జరిగినదానిని వ్రాయించి, మందిరముల తలుపులకు అంటించెను. 1972లో న్యాయము, సమాధానము అను పేర ఒక సంఘమును స్థాపించి, చెరలోనున్నవారి కుటుంబములకు న్యాయవాదులను ఏర్పరచెను. 1973లో ప్రభుత్వము ఆ అధ్యక్ష ఖండపు రేడియోను మూయించెను.

1975 అక్టోబరు 25న వ్లాదిమిర్ హెర్జోగ్ అను పత్రికా రచయిత, పిలుపు రాగా తనంతట తానే సైనిక కార్యాలయమునకు వెళ్లి, ఆ దినమే అక్కడ చనిపోయెను. ఆయన ఉరి వేసికొనెనని సైన్యము ప్రకటించెను. ఆయన యూదుడు. ఆత్మహత్య చేసికొన్నవారిని యూదులు శ్మశానమున వేరొక మూల పాతిపెట్టెడివారు. కాని దేహము మీది గాయములను చూచినవారు ఆయనను ఆ మూలకు చేర్చుటకు ఒప్పుకొనలేదు. అక్టోబరు 31న నగర మధ్యమందున్న కతోలిక మహా దేవాలయమున ఆయన జ్ఞాపకార్థము ఆరాధన జరిగెను. ఆర్న్స్ గారును, యూదుల బోధకుడు హెన్రీ సోబెల్ గారును, ప్రెస్బిటేరియను పాస్టరు జైమె రైట్ గారును ప్రక్కప్రక్కన నిలిచిరి. పోలీసులు దారులను అడ్డగించినను సుమారు 8,000 మంది వచ్చిరి. కేకలు లేవు, రాళ్లు లేవు. ప్రార్థించి ఇండ్లకు పోయిరి. 2013లో ఆయన మరణ పత్రమును న్యాయస్థానపు ఆజ్ఞచేత మార్చి, హింసవలన మరణమని వ్రాసిరి. అందుకు 38 సంవత్సరములు పట్టినది.

ఆ ప్రెస్బిటేరియను పాస్టరు ఎట్లు అక్కడికి వచ్చెనో ప్రొటెస్టంటులమైన మనము తెలిసికొనదగినది. రైట్ గారు మిషనరీల కుమారుడు. ఆయన తమ్ముడు పౌలో రైట్ ఒకప్పుడు శాసనసభ్యుడు. 1973 సెప్టెంబరులో పట్టబడి, మరల కనబడలేదు. తమ్ముని వెదకుచు అన్న తలుపు వెంట తలుపు తట్టెను. ఆ కాలమున బ్రెజిలులో అనేక ప్రొటెస్టంటు పెద్దలు నోరు మెదపలేదు. కొందరు ఏలువారిని పొగడిరి. తలుపు తెరచినవాడు కతోలిక ఆర్చిబిషప్పు. వారిద్దరును ఆ దినము మొదలుకొని కలిసి పనిచేసిరి. సంఘ చరిత్రలో మన వారు చేసిన మేలును మనము పిల్లలకు చెప్పుదుము. మన వారు మౌనముగా నుండిన దినములను కూడ చెప్పవలెనని నా అభిప్రాయము.

ఇప్పుడు యిర్మీయా 36వ అధ్యాయమును తీయుడి. యిర్మీయా చెప్పగా బారూకు గ్రంథము వ్రాసెను. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కూర్చుండి, మూడు నాలుగు పుటలు చదువబడగానే చాకుతో కోసి, కుంపటిలో వేయుచు వచ్చెను. చుట్ట అంతయు కాలిపోయెను. అప్పుడు దేవుడు ఏమి సెలవిచ్చెను? మరియొక చుట్ట తీసికొని తిరిగి వ్రాయుమనెను. బారూకు మరల కూర్చుండి వ్రాసెను. ఈ సారి మాటలు ఇంకను ఎక్కువాయెను.

1979లో బ్రెజిలులో క్షమాభిక్ష చట్టము వచ్చెను. ఖైదీల పక్షమున అర్జీలు వ్రాయుటకై న్యాయవాదులు సైనిక న్యాయస్థానపు దస్తావేజులను 24 గంటలు బయటికి తీసికొనిపోవచ్చును. ఆ దస్తావేజులలో ఒక విశేషముండెను. హింసలు పొందినవారు న్యాయాధిపతుల యెదుట నిలిచి తమకు జరిగినదానిని చెప్పగా, ప్రభుత్వపు గుమాస్తాలే దానిని వ్రాసి భద్రపరచిరి! ఏలువారు మారునప్పుడు ఈ కాగితములు కుంపటి పాలగునని కొందరు భయపడిరి. గనుక ఆర్న్స్ గారి ఆశ్రయమున, రైట్ గారి పర్యవేక్షణలో, కొద్దిమంది రహస్యముగా ఒక పని మొదలుపెట్టిరి. రాజధాని బ్రసీలియాలో నకలు తీయు యంత్రములను అద్దెకు తెచ్చి, ఒక్కొక్క కట్టను తెచ్చిన గడువులోపల నకలు తీసి, తిరిగి అప్పగించుచుండిరి. ఇట్లు సంవత్సరముల తరబడి జరిగెను. 707 వ్యాజ్యములు, పది లక్షలకు మించిన పుటలు! ఖర్చునకు ధనము జెనీవాలోని ప్రపంచ సంఘముల సమితి ద్వారా వచ్చెను. పుటలను చిన్న ఫిలిముపై ఎక్కించి దేశము దాటించిరి. 1985 జూలైలో దాని సారాంశము ‘బ్రెజిలు: ఇక ఎన్నడును వద్దు’ అను అర్థముగల పేరుతో పుస్తకముగా వెలువడెను. వ్రాసినవారు తమ పేళ్లు వేసికొనలేదు. ప్రాచీన గ్రంథములు ఎట్లు నకలు చేయబడెనో యౌవనమున పరిశోధించిన ఆర్న్స్ గారు వృద్ధాప్యమునకు చేరువలో తానే బారూకు పనికి పెద్దయగునని అనుకొని యుండడు.

ఇక మొదట మనము నిలిచిన నది యొద్దకు తిరిగి పోవుదము.

అంత పెద్ద అధ్యక్ష ఖండమును విభజింపవలెనని ఆర్న్స్ గారే కోరెను. కోటి జనులకు ఒక్క కాపరి చాలడు. అయితే ఆయన కోరిన విభజన ఒక విధమైనది. అనేక అధ్యక్ష ఖండములు ఏర్పడినను, నగరమంతటికి సంఘ సేవయందు ఒకే ప్రణాళిక, ఒకే ఆలోచన సభ ఉండవలెను. మధ్యభాగపు ధనమును పనివారును అంచులకు పోవుచుండవలెను. అనగా హద్దు ఉండును గాని ఏదయు ఉండును. 1989 మార్చి 15న రోమునుండి వచ్చిన నిర్ణయము వేరుగా నుండెను. పోపు రెండవ జాన్ పాల్ గారి ఆజ్ఞచేత ఒసాస్కో, కాంపో లింపో, సాంతో అమారో, సావో మిగెల్ పౌలిస్తా అను నాలుగు క్రొత్త అధ్యక్ష ఖండములు పుట్టెను. ఒక్కొక్కటి తన లెక్కలతో, తన బిషప్పుతో వేరై పోయెను. ఆర్న్స్ గారికి మిగిలినది నగర మధ్యభాగమును, దాని చుట్టునున్న కొంత భాగమును. ఇల్లు అమ్మి కట్టించిన చిన్న మందిరములలో అనేకములు ఇప్పుడు హద్దుకు అవతల నుండెను.

ఇక్కడ మనము న్యాయముగా మాటలాడవలెను. ఇంత విస్తారమైన మందకు దగ్గరగా నుండు కాపరులు కావలెనని రోము పక్షమువారు చెప్పిన మాటలో నిజము కలదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమున భారము ఎక్కువైనప్పుడు ఏడుగురిని ఏర్పరచిరి గదా. క్రొత్తగా వచ్చిన బిషప్పులందరు ఒకే మనస్సు గలవారు కారు. కొన్ని చోట్ల పూర్వపు పనులు సాగెను, కొన్ని చోట్ల ఆగిపోయెను. ఆర్న్స్ గారి మార్గము నచ్చనివారు ఆయన చేతిని కురచ చేయుటకే ఈ గీత గీసిరని అనేకులు నమ్మిరి. హృదయములను ఎరిగినవాడు దేవుడు. కాని ఆ ఏడుగురిని ఏర్పరచిన విధమును చూడుడి. సణుగు వినబడినది గ్రీకు భాష మాటలాడు విధవరాండ్ర పక్షమున. ఏర్పరచబడినవారి పేళ్లు అన్నియు గ్రీకు పేళ్లే. ఎవరి గిన్నె ఖాళీగా నుండెనో వారి పక్షపు వారి చేతికే గరిటె ఇచ్చిరి. సావో పౌలోలో గీత గీయబడినప్పుడు గుడిసెల వాడలలోని కూటములను ఎవరైనను అడిగిరా? ఫీనెహాసు నది దాటి వెళ్లి అడిగినట్లు అడిగిరా? ఆర్చిబిషప్పే కోరిన విధము త్రోసివేయబడగా కూలివారి మాట ఎంత దూరము పోగలదు?

ఆర్న్స్ గారు రోముతో తెగతెంపులు చేసికొనలేదు. తనకు మిగిలిన భాగమున 1998 వరకు సేవచేసి విరమించెను. 2016 డిసెంబరు 14న, 95వ యేట, మరణించెను. హెర్జోగ్ గారి ఆరాధన జరిగిన ఆ దేవాలయపు అడుగు భాగముననే ఆయనను సమాధి చేసిరి. జైమె రైట్ గారు అంతకు ముందే 1999లో ప్రభువునందు నిద్రించిరి. విదేశములలో దాచబడిన ఫిలిములును కాగితములును 2011లో బ్రెజిలుకు తిరిగి వచ్చెను.

మన తెలుగు సంఘములలోను అధ్యక్ష ఖండములును పాస్టరేటులును విభజింపబడినవి. ఇక మీదటను విభజింపబడును. అప్పుడు మన మాటలన్నియు ఏ మందిరము ఎటు పోవును, ఏ పొలము ఎవరికి వచ్చును, పెద్దరికము ఎవరిది అనువాటి చుట్టే తిరుగును. పౌలు కొరింథు వారికి వ్రాయుచు ఒకరి సమృద్ధి మరియొకరి కొదువకు చేరవలెనని బోధించిన చోటు 2 కొరింథీయులకు 8:13–15. కొరింథునకును యెరూషలేమునకును నడుమ సముద్రమే యుండెను. ఆ కానుక సముద్రము దాటెను. మన కోత పండుగ కానుక కొన్ని పాస్టరేటులలో చెరువు కట్ట కూడ దాటదు.

ఈ పాఠమును కూటములో చదువువారు ఒక పని చేయవలెను. పలక మీదనో కాగితము మీదనో మీ పాస్టరేటు పటమును గీయుడి. గురువుగారి ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ, సంఘపు పొలము ఎక్కడ గుర్తించుడి. ఒక్కొక్క పల్లె ప్రక్కన అక్కడ కడపటిసారి ప్రభురాత్రి భోజనము జరిగిన నెలను, గడచిన సంవత్సరము అక్కడినుండి వచ్చిన కానుకను, అక్కడికి పోయిన సొమ్మును వ్రాయుడి. వ్రాయునప్పుడు ఆ పల్లెల వారిని గూడ పిలువుడి. వారు రాలేని యెడల మీలో ఇద్దరు ముగ్గురు అక్కడికి వెళ్లి అడుగుడి. పటము నిండిన తరువాత దానిని మధ్యనుంచుకొని యెహోషువ 22:24, 25 వచనములను మరల చదివి, ప్రార్థనకు ముందు ఆ పల్లెల వారిని మొదట మాటలాడనిచ్చుడి.